ఉప్పు లేని ఉప్పళము

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణ భాగమున ఉప్పళమను పేట యున్నది. తమిళమున ఆ మాటకు ఉప్పు పండించు మడి అని అర్థము. నేడక్కడ ఇండ్లు, వీధులు, క్రీడామైదానము కనబడునే గాని ఉప్పుమడి కనబడదు. 1815లో ఆంగ్లేయులును ఫ్రెంచివారును లండనులో ఒక ఒడంబడిక చేసికొనిరి. భారతదేశమందలి ఫ్రెంచి స్థావరములలో స్థానికావసరమునకు మించి తయారగు ఉప్పును కొను హక్కు అంతయు దానివలన ఆంగ్లేయులకు దక్కెను. అందుకై వారు ఏటేట 4 లక్షల సిక్కా రూపాయలు చెల్లింప నొప్పుకొనిరి. మూడేండ్లకు, 1818లో, తయారీయే నిలిపివేయబడి మళ్ల యజమానులకు పరిహారము ఏర్పడెను. ఉప్పు చేసినందుకు గాక చేయకుండినందుకు సొమ్ము ముట్టిన కాలమది. ఉప్పళమను పేరు మాత్రము నేటికిని నిలిచియున్నది.

పేరు నిలిచి ఉప్పు పోయినందున ఒక పేటకు నష్టమేమియు లేదు. క్రైస్తవుడను పేరు ధరించినవాని సంగతి అట్టిది కాదు.

కొండమీది ప్రసంగమున ప్రభువు సారము పోయిన ఉప్పును గూర్చి మాటలాడినప్పుడు సువార్తికుడు వాడిన గ్రీకు క్రియ మొరైనో. దాని మూలార్థము మూఢమగుట. ఆ ప్రసంగము చివర, వాక్యము విని దాని చొప్పున చేయక ఇసుకమీద ఇల్లు కట్టుకొనినవానికి వాడిన విశేషణము మోరోస్. అది అదే ధాతువునుండి పుట్టినది. తెలుగు బైబిలులో మొదటిది నిస్సారమైనది, రెండవది బుద్ధిహీనమైనది. అనువాదకులను తప్పుపట్ట వీలులేదు. తెలుగులో ఉప్పు మూఢమైనదని ఎవరును అనరు గదా! అయినను ఆ రెంటికిని నడుమనున్న బంధుత్వము మన చెవికి అందకపోయెను. చప్పబడిన ఉప్పును, విని ఊరకుండు మనుష్యుడును మూలమున ఒక్కటే.

మరియొక చోట మన భాష గ్రీకుకంటె ధారాళమైనది. గ్రీకున వినుట అకూవో, లోబడుట హుపకూవో. ఒక ఉపసర్గ చేర్చిన గాని పని జరుగదు. హెబ్రీ షమా అను ఒక్క మాటలోనే వినుటయు లోబడుటయు ఇమిడియున్నవి. తెలుగు తల్లియు అంతే. బిడ్డ మాట వినుటలేదని ఆమె ఇరుగుపొరుగులతో చెప్పినప్పుడు బిడ్డ చెవులకు జబ్బు చేసినదని ఎవరును తలంపరు. ఇక విశ్వాసమను మాట ఉన్నది. ఉప్పు తిన్న ఇంటిపట్ల చూపవలసినదియు మన వాడుకలో విశ్వాసమే. నమ్మకమును నమ్మకస్థత్వమును తెలుగువాడు వేరుచేసి చెప్పుట కష్టము.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. రక్షణ కృపవలననే గదా, విధేయతను ఇంతగా నొక్కి చెప్పినయెడల క్రియలను వెనుకద్వారమున లోనికి తెచ్చినట్లు కాదా? ఆక్షేపణ తేలికైనది కాదు. సంస్కరణోద్యమమంతయు దానిమీదనే నడిచెను. అయితే విశ్వాసమూలమైన నీతిని అందరికంటె బలముగా బోధించిన రోమా పత్రిక మొదటి అధ్యాయమునను చివరి అధ్యాయమునను అపొస్తలుడు విశ్వాస విధేయతను గూర్చియే మాటలాడుచున్నాడు. ఆయన దృష్టిలో అవి రెండు మెట్లు కావు.

కావున, విధేయత వలెనా వద్దా అనుటకంటె అది ఎక్కడ పరీక్షింపబడుననుట అసలైన ప్రశ్న. పుదుచ్చేరి చరిత్రలోనే దీనికి సాక్ష్యమున్నది. తరువాతి కాలమున ఫ్రెంచివారి ప్రధాన ద్విభాషియైన ఆనందరంగ పిళ్ళ తన దినచర్యలో 1745 అక్టోబరున ఒక సంగతి వ్రాసికొనెను. ఆ పట్టణమందలి యేసుసభ గురువుల ఆలయములో కులక్రైస్తవులకును అంటరానివారనబడిన క్రైస్తవులకును నడుమ గోడ యుండెను. అట్టడుగువారు గురువునొద్దకు పోయి, మేమును మీ శిష్యులమైనచో ఈ భేదమేల అని అడిగిరి. గురువు వారి పక్షమున న్యాయమున్నదని గ్రహించి గోడ తీసివేయించెను. కులక్రైస్తవులకు అది మింగుడుపడలేదు. ఉపవాసముపైని గాని కానుకలపైని గాని ఆ అసమ్మతి రాలేదు, గోడపైననే వచ్చెను.

తెలుగు దేశమున దీనికి ఎదురుగా నిలుచు దృష్టాంతము ఒంగోలు ప్రాంతపు మాదిగలది. 1866లో క్లౌ దొర అచ్చట నివాసము ఏర్పరచుకొనెను. ఆ యేడే చర్మకార వృత్తిలోని యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. ఆయన సాక్ష్యమువలన ప్రభువునొద్దకు వచ్చినవారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. పట్టణమున కూర్చుండి చదువువానికి ఇవి పైపై ఆచారములవలె తోచును. నోటిలోనికి పోవునది మనుష్యుని అపవిత్రపరచదని ప్రభువే బోధించెను గదా! అయితే పల్లెలో చచ్చిన పశువు మాదిగకు చేరుట తిండికి మాత్రమే సంబంధించినది కాదు. ఆ పశువు, దాని తోలుతో రైతుకు కుట్టి ఇచ్చు చెప్పులు, కళ్లమున కొలిచి ఇచ్చు గింజలు, జాతరలో మ్రోయవలసిన డప్పు, ఇవన్నియు ఒక్క ముడి. అందులో ఒక పోగు తెంపినవాడు ఊరి హక్కునంతటిని ధిక్కరించినవాడాయెను. కోతల కాలమున ఆదివారము పొలమునకు రానన్నవాని ఇంట ఆ సంవత్సరపు గింజలకే ముప్పు. వారు హింసపడిరి, పలువురు నిలిచిరి.

ఒక్క సంగతి దాచరాదు. కరణము మాట వినుటకు అలవాటుపడినవాడు దొర మాట వినుట సులభము. దానిని దేవుని మాట వినుటగా ఎంచుట మరియు సులభము. మిషను చరిత్రలు ఈ తేడాను తరచుగా గమనింపలేదు. అయినను దొర దూరమున ఒంగోలులో నుండగా, పల్లెలో రైతు ఎదుట ఒంటరిగా నిలిచి కాదన్న మాటను దొర భయమని కొట్టివేయుట న్యాయము కాదు.

ఆ మూడు నియమములలో మొదటిదానిని నేడు ఆచరించుటకు ఉద్యోగస్థునికి ఖర్చేమియు లేదు. ఆదివారము సెలవును ప్రభుత్వమే ఇచ్చుచున్నది. నేటి గోడ వేరొక చోట నున్నది. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చెను. సంఘములలో వివాహ ప్రకటనలు మూడు ఆదివారములు చదివి, అభ్యంతరమున్నవారు చెప్పవలెనని కోరుదురు. అప్పటికే ఇంటిలో పెద్దలు కులము విచారించి, కట్నము కుదుర్చుకొని, తాంబూలములు పుచ్చుకొనియుందురు. మూడవ ఆదివారమున కూడ ఎవరును లేవరు. గురువు పుస్తకము మూసి తరువాతి కీర్తన సంఖ్య చెప్పును.