అందించిన చెయ్యి

మా చిన్నప్పుడు ఇంట్లో మిషను అంటే రెండుండేవి. ఒకటి మా పెద్దమ్మ కుట్టు మిషను. రెండోది ఇంట్లో ఎక్కడా కనిపించేది కాదు, మా పెదనాయన మాటల్లో మాత్రమే ఉండేది. అది బ్రెన్ గన్ను.

పెదనాయన రెండో ప్రపంచయుద్ధంలో గిద్దలూరులో రైలెక్కి పోయి మద్రాసు రెజిమెంటులో చేరాడు. అప్పట్లో మా ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు గదా మమ్మల్ని ఇటు కలిపింది! బర్మా దాకా వెళ్ళి, ఒక రేకు ట్రంకుపెట్టెతో తిరిగొచ్చి, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పెద్దమ్మ మిషను మొరాయిస్తే ఆయనే విప్పేవాడు. మరలూ స్ప్రింగులూ పాత పంచెగుడ్డ మీద వరసగా పేర్చి, తుడిచి, నూనె చుక్క వేసి, చూడకుండానే బిగించేవాడు. "బ్రెన్ను ముందర ఇదెంతమ్మా!" అనేవాడు.

ఆ తుపాకీ కథ నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఆడదానికి తుపాకీల గోలెందుకంటారేమో! కుట్టు మిషను తిప్పడం వచ్చినవాళ్ళకి ఇదేమంత అర్థంకానిది కాదు లెండి.

మొదటి ప్రపంచయుద్ధం నాటి పెద్ద మిషన్ గన్నుల్ని ఒక్క మనిషి మోసుకుని పరుగెత్తలేడు. ఆ యుద్ధం అయ్యాక, ఒక్కడే మోయగల తేలికరకం కోసం దేశాలన్నీ వెతికాయి. 1920లలో చెకోస్లొవేకియాలోని బ్రనో నగరంలో వాస్లవ్ హోలెక్ అనే ఆయన అటువంటిదొకటి తయారుచేశాడు. ఇంగ్లండువాళ్ళు దాన్ని పరీక్షించి, తమ తూటాకి సరిపడేట్టు మార్పించుకుని, 1935లో ఖాయం చేసుకున్నారు. 1937 నుంచి ఎన్‌ఫీల్డ్ కార్ఖానాలో చేయడం మొదలుపెట్టారు. బ్రనోలోని 'బ్ర', ఎన్‌ఫీల్డ్‌లోని 'ఎన్' కలిస్తే బ్రెన్. ఇద్దరు తాతల పేర్లూ కలిపి మనవడికి పెట్టుకున్నట్టు! మన భారత సైన్యం 1933లో వికర్స్ బెర్తియర్ అనే ఇంకో రకం తీసుకుంది. యుద్ధం ముదిరాక మనవాళ్ళ చేతుల్లోకీ బ్రెన్నే వచ్చింది.

బరువు సుమారు పది కిలోలు. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత, గొట్టం కిందనున్న సన్నదారిలోకి పోయి ఒక కడ్డీని వెనక్కి తోస్తుంది. ఖాళీ గుల్ల కిందికి రాలుతుంది. స్ప్రింగు ఆ కడ్డీని మళ్ళీ ముందుకు తోస్తే కొత్త తూటా ఎక్కుతుంది. నిమిషానికి సుమారు 500 గుళ్ళు. గొట్టం కాలిపోతే చప్పున ఊడదీసి ఇంకోటి తగిలించవచ్చు. తూటాల పెట్టె తుపాకీ నెత్తిన, కొడవలిలా వంపు తిరిగి ఉంటుంది. పట్టేవి 30. ఇరుక్కోకుండా ఒకటి రెండు తక్కువే నింపేవారట. ఆపకుండా కాలిస్తే ఆ పెట్టె నాలుగు సెకన్లలో ఖాళీ!

అందుకే దాని దగ్గర ఇద్దరుండాలి. కాల్చేవాడు నంబర్ వన్. పక్కన పడుకుని ఖాళీ పెట్టె తీసి నిండుది పెట్టేవాడు, గొట్టం మార్చేవాడు నంబర్ టూ. మా పెదనాయన నంబర్ టూ.

ఈ సంగతి మా ఇంటికి పెద్ద ఊరట. "మా ఆయన ఎవర్నీ చంపలేదమ్మా, పెట్టెలందించేవాడు అంతే" అని పెద్దమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. ఒకరోజు నేనూ ఆ మాటే అన్నాను. పెదనాయన మిషను తుడుస్తున్న చెయ్యి ఆపాడు.

"ఏందమ్మా, నేనందించిన గుళ్ళు యాడికి పోతాయో నాకు తెల్దా?" అన్నాడు.

కోపంగా అనలేదు. మళ్ళీ తుడుచుకోవడం మొదలెట్టాడు.

ఆ యుద్ధం తప్పని కూడా ఆయన ఎప్పుడూ అనలేదు. 1944లో జపాను సేనలు ఇంఫాల్, కోహిమాల దాకా వచ్చాయి. వాళ్ళను ఆపడానికి ఎవరో ఒకరు నిలబడాలి కదా. పక్కవాడి ప్రాణం తన చేతిలోని పెట్టె మీద ఉన్నప్పుడు ఇవ్వనంటాడా? ఇచ్చాడు. ఇచ్చానని ఒప్పుకున్నాడు. నేనివ్వలేదు, నాకు తెలియదు అనే సుఖం మాత్రం తనకి వద్దనుకున్నాడు.

"కత్తిపీటతో కూర తరగొచ్చు, కుత్తుక కొయ్యొచ్చు, పాపం వస్తువుది కాదు, చేతిది" అని మనం తేలిగ్గా అనేస్తాం. కత్తిపీటకైతే సరే. కానీ తుపాకీకి రెండో పని లేదు. పైగా ఆ చెయ్యి ఎవరిది? గీసినవాడిదా, కార్ఖానాలో సానబెట్టినవాడిదా, పెట్టె అందించినవాడిదా, మీట నొక్కినవాడిదా? 1939 మార్చిలో జర్మన్లు బ్రనోని ఆక్రమించుకున్నారు. ఆ కార్ఖానా వాళ్ళ చేతికే పోయింది. అక్కడి తుపాకీలను జర్మను సైన్యమూ వాడింది, వాటి సంతతైన బ్రెన్నును ఇంగ్లీషు సైన్యమూ వాడింది. ఒకే ఇంటి బిడ్డలు అటూ ఇటూ! చేసినవాడు "నా పని సానబెట్టడం వరకే" అనుకుంటే, ఇక ఎవరి పనీ చంపడం కాదు. మనుషులు మాత్రం చచ్చిపోతూనే ఉంటారు.

ఇదంతా యుద్ధం గొడవ, మనకేం సంబంధం అంటారా? నాదో సంగతి చెబుతాను, వినండి.

మా దగ్గరి బంధువుల అబ్బాయి పెళ్ళి మాటలకి మగపెళ్ళివారి తరఫున నేనూ వెళ్ళాను. పెద్దవాళ్ళు ఒక్కొక్కటే అడుగుతున్నారు. నగదు, స్కూటరు, ఆడపడుచు లాంఛనం. "నీ దస్తూరీ బాగుంటుంది, రాయవే" అన్నారు. రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో, వరస నంబర్లు వేసి మరీ రాశాను. ఆ కాగితం ఆడపిల్ల తండ్రికి అందించాను. ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని, "కాఫీ తీసుకోండమ్మా" అన్నాడు. తర్వాత ఆ కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టిందని తెలిసింది.

"నేనేం అడిగానా? రాశానంతే" అనుకున్నాను. ఆ మాట నోట్లో ఉండగానే మా పెద్దమ్మ గొంతు వినిపించింది. "పెట్టెలందించేవాడు అంతే." ఆ వెనకే ఆయన ప్రశ్నా వినిపించింది.

యుద్ధంలో ఆయన అందించక తప్పలేదు. నేను రాయననుంటే నా నెత్తిన ఏ గుండూ పడేది కాదు. మహా అయితే పెద్దావిడ మొహం మాడ్చుకునేది.

కొన్నేళ్ళకి ఇంకో ఇంట్లో ఇంకో పెళ్ళి. మళ్ళీ కాగితం, కలం నా ముందుకే వచ్చాయి. "నేను రాయను పిన్నీ" అన్నాను. అందరూ వింతగా చూశారు. పట్టీ ఆగిందా అంటే, ఆగలేదు. ఇంకెవరో కలం అందుకున్నారు. కాకపోతే ఆ కలం కోసం చేతులు వెతుక్కున్న రెండు నిమిషాలూ గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో పెళ్ళికొడుకు మొదటిసారి తలెత్తి, "అమ్మా, ఇదంతా ఎందుకు?" అన్నాడు. రెండు పద్దులు కొట్టేశారు. రెండే.

ఆ రోజు నేనేదో ఘనకార్యం చేశానని చెప్పడం లేదు. మొదటి పట్టీ రాసిన చెయ్యీ నాదే, అది తుడిస్తే పోదు.

పెదనాయన రిటైరయ్యేదాకా ఫ్యాక్టరీలో పలకలు లెక్కపెట్టి పెట్టెల్లో సర్దేవాడు. బళ్ళు తెరిచే రోజుల్లో ఊళ్ళోకి వెళితే, ఏ పిల్లవాడి చంకలో పలక కనిపించినా ఆగి, తీసుకుని, వెనకా ముందూ తిప్పి చూసి, మళ్ళీ వాడి చేతికి అందించేవాడు.

"ఇది యాడికి పోతాదో కూడా తెలుసుకోవాల గదమ్మా" అనేవాడు.