జవాబు తెలిసీ నోరు విప్పని బిడ్డ



ఒక శుక్రవారం జనగామలో జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి తన కొడుకును చేయి పట్టుకుని మా వద్దకు తీసుకువచ్చారు. పిల్లవాడు ఆరో తరగతి. “మావాడు చాలా బుద్ధిమంతుడు హజ్రత్! క్లాసులో నోరే ఎత్తడు. ఇంతవరకు వాడి మీద ఒక్క ఫిర్యాదు లేదు. దుఆ చేయండి” అన్నారు ఆ తండ్రి. మేమూ సంతోషించి, పిల్లవాడి తల నిమిరి దుఆ చేశాము. ఆ తర్వాత ఊరికే అడిగాము: టీచర్ ప్రశ్న వేస్తే జవాబు చెబుతావా బేటా? తల అడ్డంగా ఊపాడు. తెలియదా అంటే “మాలూమ్ హై” అన్నాడు. తెలిస్తే మరి చెప్పవేం అన్నాము. ముందు ఉర్దూలో అనుకుంటాడట. దాన్ని తెలుగులోకి మార్చుకుంటాడట. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి తెచ్చుకునే లోపు పక్కవాడు చెప్పేస్తాడట.

తండ్రి నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. బుద్ధిమంతుడని మేము దుఆ చేసింది ఈ మౌనానికా?

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. మహాప్రవక్త (సల్లం) సన్నిధిలో పది మంది దాకా కూర్చుని ఉన్నారు. ఖర్జూరపు చెట్టు మొవ్వ తెచ్చి పెట్టారు, అందరూ తింటున్నారు. అప్పుడు ఆయన (సల్లం) ఒక పొడుపు ప్రశ్న వేశారు. ఆకు రాలని చెట్టు ఒకటుంది, అది ముస్లింను పోలినది, ఏమిటో చెప్పమన్నారు. అందరి ఆలోచనలూ ఎడారి చెట్ల వైపు పోయాయి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు మాత్రం అది ఖర్జూరపు చెట్టేనని తట్టింది. అయితే ఆయన ఆ సభలో అందరికంటే చిన్నవాడు. హజ్రత్ అబూబక్ర్ (రజి), తన తండ్రి హజ్రత్ ఉమర్ (రజి) కూడా మౌనంగా ఉన్నారు. సిగ్గు అడ్డం వచ్చింది, నోరు విప్పలేదు. చివరికి జవాబు మహాప్రవక్తే (సల్లం) చెప్పారు. అక్కడి నుంచి బయటికి వచ్చాక కొడుకు సంగతి బయటపెట్టినప్పుడు తండ్రి ఏమన్నారు? పెద్దల ముందు మాట్లాడకుండా మర్యాద నిలబెట్టావని మెచ్చుకోలేదు. నువ్వు అక్కడే చెప్పి ఉంటే నాకు ఫలానా ఫలానా సంపదల కంటే ఎక్కువ ప్రీతికరంగా ఉండేదన్న భావంతో మాట్లాడారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ప్రశ్నకు ఆధారం పిల్లవాడి కళ్ళ ముందు, చేతిలో ఉంది. తింటున్నదే ఆ చెట్టు మొవ్వ. బోధించే పద్ధతి అది. రెండోది, హయా విశ్వాసంలో భాగమని చెప్పిన ధర్మమే, విద్య దగ్గరికి వచ్చేసరికి సిగ్గుపడి ఊరుకోవడాన్ని మెచ్చలేదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ హదీసును విద్యలో సిగ్గు అనే అధ్యాయం కింద కూడా చేర్చారు.

పాత వరంగల్ జిల్లాలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ మూడు చోట్లా మాకు రాకపోకలున్నాయి. మూడు చోట్లా తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది ఎక్కువగా ఫీజుల గురించి, ర్యాంకుల గురించి, అమ్మాయిని పదో తరగతి తర్వాత పంపవచ్చా లేదా అన్నదాని గురించి. తరగతి గదిలో కూర్చున్న ఆ ఆరేడు గంటలు పిల్లవాడి మనసులో ఏం జరుగుతోందని ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే మేమూ అడగలేదు. మా ఉలమా వర్గానికి విద్య అనగానే మదర్సాయే గుర్తుకు వస్తుంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చూడండి. బడి వయసు ముస్లిం పిల్లలలో మదర్సాలలో చదివేవారు మూడు నాలుగు శాతం మాత్రమేనని, 6-14 ఏళ్ళ పిల్లలలో 25 శాతం మంది అసలు బడికి పోనివారో, మధ్యలో మానేసినవారో అని అందులో ఉంది. అంటే మన పిల్లలలో అత్యధికులు మామూలు బడి బెంచీల మీదే ఉన్నారు. మా ఖుత్బాలు మాత్రం ఆ బెంచీల దాకా పోవడం లేదు.

బడి మానేయడం ఒక్క రోజులో జరగదు. ఏదో ఒక పాఠం అర్థం కాదు, అడగడానికి మాట రాదు. దాని మీద నిలబడే తర్వాతి పాఠం అసలే అర్థం కాదు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి పిల్లవాడే “అబ్బా, మెకానిక్ షాపులో చేరతాను” అంటాడు. వాడికి చదువు మీద మనసు లేదని మనం తీర్పు చెప్పేస్తాం.

ఇప్పుడు మన బడుల స్థితి చూద్దాం. 2018లో చేసిన చట్టంతో తెలంగాణలోని అన్ని బడులలో తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైంది. 2022-23 నుంచి ప్రభుత్వ బడులలో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాలలో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో అచ్చువేశారు. మంచి ఏర్పాటే. ఇంగ్లీషు పేజీ అర్థం కాని పిల్లవాడు పక్క పేజీ చూసుకుంటాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మన బిడ్డకు ఆ రెండు పేజీలూ నేర్చుకోవలసినవే. 2016లో 71 బడులతో మొదలై తర్వాత 204కు పెరిగిన మైనారిటీ గురుకులాలలోనూ బోధన ఇంగ్లీషులోనే. అక్కడ హాస్టల్లో తోటివారు ఉర్దూ మాట్లాడతారు కాబట్టి బెరుకు కొంత తగ్గుతుంది, అంతే.

ఇందుకు ఎవరినో నిందించడం తేలిక. ముందు మన చరిత్ర గుర్తు చేసుకోవాలి. నిజాం పాలనలో ప్రాథమిక దశ దాటిన చదువు ఎక్కువగా ఉర్దూలోనే సాగేది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. భారతీయ భాషలో ఉన్నత విద్య బోధించాలన్న ప్రయత్నంగా దానికి గొప్ప పేరుంది, మనం గర్వంగా చెప్పుకుంటాం కూడా. కానీ అప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఉర్దూ క్లాసులో వెనక బెంచీ మీద ఇలాగే గుటకలు మింగుతూ కూర్చున్నారు. ఆనాడు వాళ్ళ బెంచీ, ఈనాడు మన బెంచీ. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులను నిజాం ప్రభుత్వం జైల్లో పెట్టింది. అయినా ఆయన ఉర్దూ మీద కక్ష పెట్టుకోలేదు. గాలిబ్ కవిత్వాన్ని తెలుగులోకి తెచ్చారు. భాష నేరం చేయదని ఆయనకు తెలుసు. మరి మనకు?

మన పెద్దలలో కొందరు ఇప్పటికీ తెలుగును పరాయి భాషగానే చూస్తారు. ఇది మాకు సమ్మతం కాదు. మనుషుల భాషలు, రంగులు వేరువేరుగా ఉండటం తన సూచనలలో ఒకటని అల్లాహ్ సూరయె రూమ్‌లో తెలియజేశాడు. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి మాట్లాడే భాషతోనే పంపాడని సూరయె ఇబ్రాహీమ్‌లో ఉంది. యూదుల లిపి నేర్చుకోమని మహాప్రవక్త (సల్లం) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశిస్తే, ఆయన పదిహేను రోజులలో నేర్చుకున్నారు. మేమూ చిన్నప్పుడు రెండేళ్ళు తెలుగు బడిలో చదివి తర్వాత మదర్సాకు వెళ్ళిన వాళ్ళమే. నీళ్ళు తాగి వస్తానని తెలుగులో ఎలా అడగాలో తెలియక మధ్యాహ్నం దాకా దాహంతో కూర్చున్న రోజు ఇంకా గుర్తుంది. అలాంటి మేము ఇవాళ తెలుగులో ఈ వ్యాసం రాస్తున్నామంటే అది అల్లాహ్ అనుగ్రహం, ఆ తర్వాత మదర్సా సెలవుల్లో మాతో రోజూ దినపత్రిక చదివించిన మా మేనమామ చలవ.

మహబూబాబాద్‌లో ఒక ఉపాధ్యాయుడు మాతో చెప్పిన మాట మా కళ్ళు తెరిపించింది. ఆయన ముస్లిం కాదు. “మీ పిల్లలొక్కరే కాదండీ. తండా నుంచి వచ్చే లంబాడా పిల్లలూ అంతే. ఇంట్లో వాళ్ళ భాష వేరు. మిర్చి ఏరే రోజుల్లో సగం మంది రానే రారు. వచ్చినప్పుడు పాఠం ఎక్కడుందో తెలియదు, అడగరు” అన్నారు. మన బిడ్డ పక్కనే అదే బాధతో ఇంకో బిడ్డ కూర్చుని ఉంటే మనకు ఇంతకాలం కనిపించలేదు. పొరుగువారి హక్కు ఇంటి గోడ దగ్గరే ఆగిపోతుందా? బెంచీ మీది పొరుగువాడు కూడా పొరుగువాడే. మసీదులో సాయంత్రం పూట చదువు చెప్పే ఏర్పాటు చేస్తే ఆ పిల్లలను కూడా పిలవాలని మేము అక్కడి కమిటీకి చెప్పాము. ఒకరిద్దరు ముఖం చిట్లించారు. బద్ర్ యుద్ధ ఖైదీల సంగతి వారికి గుర్తు చేశాము. పరిహారం చెల్లించలేని ఖైదీలు మదీనా అన్సారుల పిల్లలకు రాయడం నేర్పితే విడుదల అన్నది ఆనాటి ఏర్పాటు. నిన్నటిదాకా కత్తి పట్టిన మక్కా బహుదైవారాధకుల ముందు మన సహాబాల పిల్లలు పలక పట్టి కూర్చున్నారు. నేర్చుకోవడానికి, నేర్పడానికి అక్కడ మతం అడ్డం రాలేదు.

ఆ ఉదంతానికే ముస్నద్ అహ్మద్‌లో ఒక చిన్న తోక ఉంది. ఒకనాడు ఒక పిల్లవాడు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. గురువు కొట్టాడన్నాడు. బద్ర్ కక్ష తీర్చుకుంటున్నాడని కోపగించుకున్న తండ్రి ఇక ఆ గురువు దగ్గరికి పంపేది లేదన్నాడు. ఆ తండ్రి బిడ్డ కన్నీళ్ళను అడిగి తెలుసుకున్నాడు. మనమైతే “ఏం తప్పు చేశావురా?” అని మొదలుపెడతాం.

కొట్టడం గురించి మాట్లాడేటప్పుడు మేము మా ఇంటి నుంచే మొదలుపెట్టాలి. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది. 2012 సవరణ ప్రకారం ఆ చట్టం మదర్సాలకు వర్తించదు. హదీసు మాత్రం మదర్సాలకు వర్తిస్తుంది కదా! హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు. నమాజు మధ్యలో తెలియక మాట్లాడారు. చుట్టూ ఉన్నవారు గుడ్లురిమి చూశారు. నమాజు అయ్యాక మహాప్రవక్త (సల్లం) ఆయనను కసరలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో ఏం పలకాలో మెల్లగా వివరించారు. అంతకంటే మంచి గురువును తాను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదని ఆ సహాబీ చెప్పుకున్నారు. అర్థం చేసుకున్న మనిషి వెంటనే తన మనసులోని సందేహాలన్నీ ఒకటొకటిగా అడగసాగారు! జ్యోతిష్కుల గురించి, శకునాల గురించి, తన ఇంటి దాసి గురించి. భయం పోయిన చోట ప్రశ్న పుడుతుంది. మేము మక్తబ్‌లో నాలుగేళ్ళు బెత్తం పట్టుకుని ఖాయిదా చెప్పాము. ఆ నాలుగేళ్ళలో మమ్మల్ని ప్రశ్న అడిగిన పిల్లలెందరని లెక్క వేసుకుంటే సిగ్గేస్తుంది. ఆ బెత్తం ఇప్పుడు లేదు.

భూపాలపల్లి సంగతి వేరు. అక్కడ మన ఇళ్ళు చాలావరకు సింగరేణి షిఫ్టుల మీద నడుస్తాయి. నైట్ షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పడుకునే వేళకు పిల్లలు బడికి బయలుదేరతారు. సెకండ్ షిఫ్టు ముగించి ఇల్లు చేరేసరికి వాళ్ళు నిద్రలో ఉంటారు. కాబట్టి బడి వ్యవహారమంతా తల్లిదే. పేరెంట్స్ మీటింగుకు ఎందుకు వెళ్ళడం లేదని అడిగితే, తెరచాటు నుంచి ఒక సోదరి చెప్పిన జవాబు ఇది: “నాకు తెలుగు సరిగా రాదు హజ్రత్. టీచరమ్మ ఏదో అంటుంది, నేను తల ఊపుతాను. ఇంకోసారి అడిగితే నవ్వుతారేమో.” కొడుకు క్లాసులో చేస్తున్నదే తల్లి మీటింగులో చేస్తోంది. అన్సార్ స్త్రీలు ధర్మాన్ని తెలుసుకోవడానికి సిగ్గును అడ్డం రానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించారు. పురుషులే ఎప్పుడూ మీ చుట్టూ ఉంటున్నారు, మాకూ ఒక రోజు కేటాయించండని స్త్రీలు మహాప్రవక్త (సల్లం)ను కోరితే, ఆయన కేటాయించారు. ఆ సోదరికి మేము చెప్పింది ఇంతే: తల ఊపవద్దు. మీకు వచ్చిన తెలుగులోనే “అర్థం కాలేదు మేడం, మళ్ళీ చెప్పండి” అనండి. మహాప్రవక్త (సల్లం) మాట అందరికీ అర్థం కావడానికి మూడుసార్లు చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. రెండోసారి అడగడంలో తలవంపు ఏముంది?

జనగామలో ఆ పిల్లవాడి కోసం ఒక చిన్న ఏర్పాటు జరిగింది. మగ్రిబ్ తర్వాత మక్తబ్ పిల్లలు ఇరవై నిమిషాలు బడి పుస్తకం తెరుస్తారు. డిగ్రీ చదివే ఒక యువకుడు పక్కన కూర్చుంటాడు. రేపటి పాఠంలో కొత్త మాటలు మూడు భాషల్లో పైకి పలకాలి, ప్రతి పిల్లవాడూ ఒక ప్రశ్న అడగాలి. అడగనివారిని వదిలిపెట్టరు, అయితే తిట్టరు. మొదట్లో వచ్చిన ప్రశ్నలు “ఎప్పుడు ఇంటికి పంపుతారు?” వంటివే. అవీ ప్రశ్నలే అని యువకుడు జవాబు చెప్పేవాడు.

రెండు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు పిల్లవాడే ఎదురువచ్చి సలాం చేశాడు. క్లాసులో చేయి ఎత్తాడట. జవాబు తప్పట. అందరూ నవ్వారట. తండ్రి ఈసారి ఏమీ అనకుండా మా వైపు చూస్తూ నిలబడ్డారు. రేపు మళ్ళీ చేయి ఎత్తుతావా బేటా అని అడిగాము.

“రేపు రెండో శనివారం కదా హజ్రత్, సెలవు. సోమవారం ఎత్తుతా” అన్నాడు.