ప్యాకింగ్ రేకులు

సుల్తానాబాద్‌లో ఒక రైస్‌మిల్లు సావుకారికి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేది. ఇంగ్లండ్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో ఆ పేరుతో తయారైంది. ఇంజను 948 సీసీ. ఛాసిస్‌ను కురచ చేసి, 1962లో ట్రయంఫ్ వాళ్లు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును దాని మీదే కట్టారు. అందుకని సావుకారి కొడుకులిద్దరూ తమది కూడా స్పోర్ట్స్ కారేనని బడిలో వాదించేవాళ్లు. 25 అడుగుల చోటుంటే చాలు, బండి గుండ్రంగా తిరిగేది. వడ్ల బండ్లు అడ్డంగా నిలబడ్డ బజారులో కూడా సావుకారి ఒక్క మలుపులో దాన్ని ఇంటి ముందుకు తెచ్చేవాడు.

ఒక ఎండాకాలం, తుప్పు గీకి రంగు వేయిద్దామని తండ్రీ కొడుకులు కారు విప్పారు. హెరాల్డ్‌ను విప్పడం తేలిక. బాడీ మొత్తం ఒకచోట చేసిచ్చే కార్ఖానా దొరకక, కంపెనీ ముక్కలను వేర్వేరు చోట్ల చేయించి ఛాసిస్ మీద బోల్టులతో బిగించింది. పెద్దోడు పానాతో బోల్టులు విప్పుతుంటే, చిన్నోడు కింద కూర్చుని రాలినవి ఏరాడు. మళ్లీ బిగించకముందే తండ్రి పోయాడు.

పెద్దమనుషులు కూర్చుని పాలు పంచారు. మిల్లు, కారు సామాను అన్నకు, పొలం తమ్ముడికి. పంపకాల్లో అన్న ఒక మాట తూలాడు. తమ్ముడు పొలం కౌలుకిచ్చి, సింగరేణిలో పనికని గోదావరిఖని వెళ్లిపోయాడు. పెళ్లిళ్లకు కార్డులు వచ్చేవి, మనుషులు వచ్చేవాళ్లు కాదు.

ఏళ్లు గడిచాక అన్న కూతురు పాలిటెక్నిక్‌లో చేరి, మిల్లు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయిన ముక్కలన్నీ బయటికి లాగింది. ఇంటిల్లిపాదీ పనిలో దిగారు. తల్లి సీట్లకు రెక్సిన్ కుట్టింది. ఇంజను స్టార్టయింది. బాడీ ఎక్కించారు. తలుపులు మాత్రం పడలేదు. పైన రేకు రాసుకుంటోంది, కింద వేలు పట్టేంత సందు. బానెట్ ఒకవైపు కూర్చుంటే మరోవైపు లేస్తోంది. బాడీ వంకరపోయిందని టింకరింగ్ పనివాడు సుత్తి అందుకున్నాడు. కొత్త రంగు పెచ్చులు లేచింది కానీ తలుపు పడలేదు.

అమ్మాయి బాడీ దించి, ఛాసిస్ మీద బోల్టు రంధ్రాల చుట్టూ గుడ్డతో తుడిచింది. ప్రతి రంధ్రం చుట్టూ తుప్పు పట్టని జాగా, ఏదో పలచటిది అక్కడ ఏళ్ల తరబడి కూర్చున్నట్టు.

“బాపూ, ఈడ ఏదో ఉండె.”

“రేకులు బిడ్డా, ప్యాకింగ్ రేకులు. చెత్తనుకున్న.”

“కాకకు తెలుస్తదేమో?”

అతను జవాబివ్వలేదు. తెల్లారి గోదావరిఖని బస్సెక్కాడు.

తమ్ముడు అటక మీంచి బిస్కెట్ డబ్బా దించాడు. అందులో రేకులు కట్టలు కట్టలుగా, ఒక్కో కట్టకూ రాగి తీగ చుట్టి ఉన్నాయి. ఒక కట్టలో రెండు, ఇంకోదాంట్లో నాలుగు. ఏ కట్ట ఏ బోల్టుదో తీగకు కట్టిన అట్టముక్క మీద రాసి ఉంది.

“నువ్వు విప్పినవ్, నేను ఏరిన. మల్ల బిగిస్తం గదా అనుకున్ననే అన్నా.”

ఆదివారం తమ్ముడు వచ్చాడు. అన్న గడ్డపారతో బాడీ లేపి పట్టుకుంటే తమ్ముడు రేకులు దూర్చాడు. తలుపు ఒక్క తోపుకే పడింది.

నీతి: హెరాల్డ్ సామాను డబ్బిస్తే ఇంగ్లండ్ నుంచి ఇవాళ్టికీ వస్తుంది. కానీ ఏ బోల్టు కింద ఎన్ని రేకులో చూసి తెచ్చుకోవడానికి లేదు. వేర్వేరు చోట్ల చేసిన ముక్కలు అచ్చంగా ఒకదానికొకటి అమరవు కాబట్టి, ఏ బండి లెక్క ఆ బండిదే. అన్నదమ్ములూ అంతే. ఒక్క కడుపున పుట్టినా ఒక్క అచ్చున పోసినవాళ్లు కారు. వాళ్ల మధ్య సందును రోజూ ఎవరో ఒకరు సర్దుతుంటారు. ముందు పలకరించేది, అన్నానికి పిలిచేది, ఒక మాట మింగేది వాళ్లే. పాలు పంచేటప్పుడు ఎకరాలు, గజాలు, తులాలు కాగితం మీదికి వస్తాయి. ఆ సర్దుబాటు ఎవరి వాటాలోకీ రాదు. సర్దే మనిషి వెళ్లిపోయాక మిగిలినవాళ్లు సుత్తి పట్టుకుంటారు.

తమ్ముడే వచ్చి అన్న కాళ్లు మొక్కాలని మన దగ్గర పెద్దలు చెబుతారు. నేనొప్పుకోను. పానా పట్టి విప్పినవాడే ముందు కదలాలి. పెద్దోడు ఫోన్ చేయలేదు, బిడ్డను పంపలేదు. తానే వెళ్లాడు, అందుకే తమ్ముడు డబ్బా దించాడు.