రాత్రి అడవి జంతువుల వంతు

ధ్యానభాగము: కీర్తనలు 104:20–23



నూట నాలుగవ కీర్తనను మనము కోతకాలపు కృతజ్ఞతారాధనలో తరచుగా చదువుకొందుము. ఊటలు, పిట్టలు, పశువులకు మేత, మనుష్యునికి ఆహారము, అన్నియు అందులో నున్నవి. అయితే ఇరువదవ వచనమునొద్దకు వచ్చుసరికి చదువరి వేగము హెచ్చును. అడవి మృగముల మాట మనకేల అని కాబోలు! అచ్చట భక్తుడు చీకటినిగూర్చి వ్రాసెను. చీకటి పడుట కూడ దేవుని యేర్పాటే. ఆ వేళ మృగములు బయటికి వచ్చి తిరుగును. సింహపు పిల్ల ఆకలిగొని అరచిన అరపు దేవునికి మొఱ్ఱవలె వినబడును. తెల్లవారగానే అవి తమ గుహలకు పోవును. అటుతరువాతనే మనుష్యుడు పనికి బయలుదేరి ప్రొద్దు క్రుంకువరకు పాటుపడును.

చెరువు క్రింద సేద్యము చేయువారికి దీనిని వివరింప నక్కరలేదు. ఒక మడికి పగటి వంతు, మరియొక మడికి రాత్రి వంతు. తనది కాని వంతులో తూము ఎత్తినవానిని ఊరు ఏమనునో మనకు తెలిసినదే. దేవుడు ఈ భూమిమీద వంతులు పెట్టెను. రాత్రి అడవిలో మన వంతు కాదు.

ఇటీవల మేము కొందరము మైసూరు దాటి బందీపురము అడవికి పోయితిమి. అది పూర్వము మైసూరు మహారాజులు వేటాడిన చోటు. దక్షిణమున మోయారు నది; ఆవల తమిళనాడులోని ముదుమలై అడవి. అటవీశాఖవారి బండిలో తెల్లవారుజామున లోనికి కొనిపోయిరి. దుప్పులను, అడవిదున్నలను చూచితిమి. ఒక మలుపులో ఏనుగుల మంద ఎదురైనది. ముందు ఒక ముసలి ఆడ ఏనుగు, నడుమ పెద్దవాటి కాళ్లసందున ఒక గున్న. ఏనుగుల మందకు పెద్దరికము ఆడదానిదేనట. ఎండకాలమున నీరెక్కడ దొరకునో ఆ ముసలిదానికే తెలియును. తల్లి ఏనుగు ఇంచుమించు ఇరువదిరెండు నెలలు మోసి ఒక్క పిల్లను కనును. కాబట్టి ఒక ఏనుగు చచ్చినయెడల ఆ లోటు తీరుటకు ఎన్ని యేండ్లు పట్టునో ఆలోచించుడి.

పులి మాత్రము కనబడలేదు. నీటిగుంట యొడ్డున తడిమట్టిలో దాని అడుగులు కనబడెను. ప్రతి వ్రేలి గుర్తును నీటుగా పడియున్నది. మా బండిలోని ఒక పెద్దమనిషి, ఇంత సొమ్ము పోసి వచ్చినందుకు ఒక్క పులినైనను చూపలేదేమని సణుగుకొనెను. నవ్వు వచ్చెను గాని, యోబు గ్రంథము జ్ఞాపకము వచ్చి ఊరకుంటిమి. ముప్పది యెనిమిది, ముప్పది తొమ్మిదవ అధ్యాయములలో దేవుడు యోబునకు తన సృష్టిని చూపునప్పుడు, మనుష్యుడు లేని ఎడారిలో వాన కురియుటను, సింహమునకు వేట దొరకుటను, కొండమేక ఈనుటను గూర్చి అడుగును. ఇందులో దేనిని నీవు చేసితివని, దేనిని ఎరుగుదువని అడుగును. యోబునకు అక్కరకు వచ్చు పశువు వాటిలో బహు తక్కువ! పులి మనకు దర్శనమిచ్చుటకు పుట్టలేదు. అది దేవుని కన్నులయెదుట బ్రదుకుచున్నది.

ఆ బ్రదుకును మనము దాదాపు తుడిచివేసితిమి. 1972లో మన దేశమందు పులులను లెక్కించగా 1,827 మాత్రమే తేలినవి. ఆ యేటనే వన్యప్రాణుల రక్షణ చట్టము వచ్చెను. 1973లో తొమ్మిది అడవులను పులులకొరకు ప్రత్యేకించిరి. బందీపురము వాటిలో నొకటి. అయినను దొంగవేట ఆగక, 2006 లెక్కలో 1,411కు పడిపోయినవి. పిమ్మట కావలి బిగించుటవలన 2022లో 3,682 ఉన్నట్లు అంచనా వేసిరి. మన వ్రేలిముద్రలవలె ఒక పులి చారలు మరియొక పులికి ఉండవు గనుక, చెట్లకు కట్టిన కెమేరాలలో పడిన చారలను పోల్చి లెక్క కట్టుదురు.

మైసూరునుండి ఊటీకిని కోళిక్కోడుకును పోవు దారులు ఈ అడవిగుండనే పోవును. రాత్రివేళ లారీల క్రింద పడి దుప్పులు, చిరుతలు, ఏనుగులు చచ్చుచుండెను. అందుచేత 2009లో రాత్రి తొమ్మిది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు బండ్లు నిలిపివేసిరి. 2010లో కర్ణాటక హైకోర్టు దానిని ఖాయపరచెను. కొన్ని బస్సులకును, రోగులను కొనిపోవు బండ్లకును మాత్రము సెలవున్నది. వర్తకులు దీనికి ఎదురు చెప్పుచునే యున్నారు. వారి నష్టము వారికున్నది. కాని దారికి అడ్డముగా వాల్చిన ఆ గేటును చూచినప్పుడు, కీర్తనకారుడు చెప్పిన వంతు కంటికి కనబడినట్లాయెను.

అయితే, ‘ఏనుగును చూచివచ్చినవారికి ముచ్చట, పంట పోయినవానికి ఏడుపు’ అని మీలో కొందరందురు. అది న్యాయమైన మాట. చిత్తూరు జిల్లాలో కుప్పము, పలమనేరు ప్రక్కలకు 1980వ దశకమునుండి తమిళనాడు, కర్ణాటకముల అడవులలోని ఏనుగులు వచ్చుచున్నవి. వాటికొరకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. పెద్ద ఏనుగు దినమునకు నూటయేబది కిలోల మేత మేయును. ఒక్క రాత్రిలో చెరకు తోట పోవును, ఒక్కొక్కప్పుడు కావలి మనిషి ప్రాణమే పోవును. వాక్యము ఈ భయమును ఎరుగనిది కాదు. నిర్గమకాండము ఇరువది మూడవ అధ్యాయమున, నేల పాడై అడవి మృగములు విస్తరించి ప్రజలను బాధింపకుండునట్లు, శత్రువులను ఒక్క యేటనే వెళ్లగొట్టనని దేవుడు సెలవిచ్చెను. రైతు భయమును ఆయన లెక్కలో పెట్టెను. రైతు కేక వేయవచ్చును, డప్పు కొట్టవచ్చును, మంట వేయవచ్చును, కందకము త్రవ్వవచ్చును. పొలము అతని వంతు.

కాని ఒక పని కలదు. దానిని దాచక చెప్పవలెను. మన పల్లెలలో కొందరు కరెంటు స్తంభమునుండి దొంగతనముగా తీగె లాగి, పందులకొరకని పొలము చుట్టును, అడవి బాటలోను కట్టుచున్నారు. ఆ తీగెకు పంది ఏదో, ఏనుగు ఏదో తెలియదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టబోయిన పొరుగువాడు, కట్టెలకు పోయిన స్త్రీ కూడ దానికి బలియైనారు. అట్లు కట్టినవారిలో మన సంఘములవారు లేరని చెప్పగలమా? నిర్గమకాండము 21:33, 34 తెరచి చూడుడి. గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు, అందులో ఎద్దుగాని గాడిదగాని పడి చచ్చినయెడల దాని వెల అచ్చుకొనవలెను. ‘నేను చంపలేదు, అదే వచ్చి పడెను’ అను సాకు అచ్చట చెల్లలేదు. మూత లేని గోతికే అంత తీర్పుండగా, కంటికి కనబడని తీగె విషయమై ఏమి చెప్పుదుము? పట్టుబడినవానికి చెరసాల ఎటులను తప్పదు. అతని పిల్లలను ఆ తరువాత ఎవరు పోషింతురు?

పంట పోయినవారు, పశువు పోయినవారు అటవీశాఖవారికి అర్జీ పెట్టుకొన్నయెడల నష్టపరిహారము దొరకును. రెండు తెలుగు రాష్ట్రములలోను ఈ యేర్పాటు కలదు. ఆలస్యమగుననుట నిజమే, కార్యాలయము చుట్టు తిరుగలేక పేదవాడు విడిచిపెట్టుననుటయు నిజమే. ఇచ్చటనే సంఘపెద్దలకు పని యున్నది. నష్టము జరిగిన వెంటనే అధికారులకు తెలియజేయుట, చదువురానివారికి అర్జీ వ్రాసిపెట్టుట, వారితో కూడ కార్యాలయమునకు పోవుట, పరిహారము చేతికి వచ్చువరకు ఆ యింటికి గింజలు చూచుట, ఇవి మన చేతనైనవే.

ఈ నెల స్త్రీల కూటములలోను యౌవనస్థుల కూటములలోను ఈ కీర్తన చదివి, తీగె సంగతి బాహాటముగా మాటలాడుకొనుడని కోరుచున్నాము. ఏనుగులు తిరుగు పల్లెలలో మంచెలమీద మేలుకొనియుండు రైతులకొరకును, అడవులలో కాలినడకను కావలి తిరుగు చిన్న ఉద్యోగులకొరకును కుటుంబ ప్రార్థనలలో విజ్ఞాపన చేయుడి.