మహత్తు, అమహత్తు

‘తమిళమున పాట్టి వందాళ్, మాడు వందదు. తెలుగున అవ్వయు వచ్చినదే, ఆవును వచ్చినదే! ఏమి తాతయ్యా యిది?’ అని టి. నగరులోని మా యింట మనుమరాలు అడిగినది.

చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున పురుషులు మహత్తులు. పశుపక్ష్యాదులు, జడములు అమహత్తులు. స్త్రీ ఏకవచనమున అమహత్తులతో నడచును. బహువచనమున పురుషులతో గూడి ‘వచ్చిరి’ అనిపించుకొనును. ఒంటరిదానికి లేని గౌరవము ఇద్దరైనచో వచ్చుట వింతయే! సూరిగారిని నిందింపము, జనుల పలుకుబడినే ఆయన సూత్రములలో కూర్చెను. కాని గౌరవబహువచనము మన చేతిలోనిదే గదా. తండ్రి ‘వచ్చినారు’, తల్లి ‘వచ్చినది’ అని పిల్లలకు నేర్పినవారము మనమే.

మొన్న ఇల్లాలు అంగడినుండి రాగా, ‘అవ్వగారు వచ్చినారు’ అని మనుమరాలితో అంటిమి. ఎవరు వచ్చినారో యని ఆమె వెనుదిరిగి వాకిలివైపు చూచినది.