మితమే యోగం



భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడి పరిస్థితిని ఒకసారి గుర్తు చేసుకుందాం. నోరు ఎండిపోయింది, ఒళ్ళు వణికింది, చర్మం మండింది, గాండీవం చేతిలోంచి జారిపోయింది. ఎంతటి వీరుడికైనా మనసులోని ఒత్తిడి ఒంటిమీదకు వస్తుందని వ్యాసభగవానుడు ఆనాడే చూపించారు.

అమెరికాలో మన కురుక్షేత్రం ఆఫీసు. డెడ్‌లైన్లు, రాత్రివేళ ఇండియా టీముతో కాల్స్, లేఆఫ్ భయం, వీసా బెంగ. ఇలాంటప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. వాటివల్ల కాలేయం నుంచి గ్లూకోజు రక్తంలోకి వస్తుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. పరుగెత్తి ఆపద తప్పించుకునేవాడికి ఆ చక్కెర ఉపయోగపడుతుంది. కుర్చీలో కూర్చున్న మనకు అది ఖర్చు కాదు. "స్వీటు ముట్టలేదు, అయినా షుగర్ ఎందుకు పెరిగింది?" అన్న ప్రశ్నకు ఒక జవాబు ఇదే.

మరి కృష్ణ పరమాత్మ ఏం చెప్పాడు? పని వదిలేసి పొమ్మనలేదు. ఆరవ అధ్యాయం 16, 17 శ్లోకాలలో, అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదన్నాడు. ఆహారం, విహారం, పని, నిద్ర అన్నిటిలోనూ మితం కావాలన్నాడు. మనం ఆహారం దగ్గరే ఆగిపోతున్నాం. అన్నం తగ్గిస్తాం, కాఫీలో చక్కెర మానేస్తాం. పనిలో మితం అన్న మాట మాత్రం చెవికెక్కదు. మధ్యాహ్న భోజనం మీటింగుకు బలి అవుతుంది, రాత్రి పదింటికి రెండింతలు తింటాం, ఐదు గంటలే నిద్రపోతాం. భోజనం మానితే అది ఉపవాసం కాదు. ఉపవాసమంటే భగవంతుడి దగ్గర ఉండటం.

కార్తీక సోమవారం ఉపవాసం ఉండి ఆఫీసుకు వెళ్ళేవారు ఒక విషయం గమనించాలి. ఇన్సులిన్ గానీ, గ్లిపిజైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ తీసుకుని తినకుండా ఉంటే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక వస్తాయి. దాన్ని ఆఫీసు టెన్షన్ అనుకుని పొరబడే ప్రమాదం ఉంది. వెంటనే పరీక్ష చేసుకోవాలి. 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు అర కప్పు పండ్లరసం తాగి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. ఉపవాసం చెడిందని దిగులు పడనక్కరలేదు. రోగులకు ఆ నియమం లేదని మన పెద్దలు చెబుతూనే ఉన్నారు. ఉండి తీరాలనుకుంటే ముందుగా డాక్టరును అడగాలి. మాత్ర మనంతట మనం మానకూడదు.

ఈ మాసంలో నియమాలు పట్టేటప్పుడు ఇవి కూడా కలుపుకుందాం. వేళకు భోజనం, తిన్న తర్వాత పది నిమిషాల నడక, ఏడు గంటల నిద్ర, మూడు నెలలకొకసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష. మందు ఉదయపు దీపారాధనతో ముడిపెట్టుకుంటే మరుపు రాదు.

చివరగా ఒక్క మాట. మనలో చాలామంది ఉద్యోగానికి ముప్పు వస్తుందని షుగర్ సంగతి ఆఫీసులో దాస్తారు, బెంగపడతారని ఇంట్లోనూ దాస్తారు. 1990 నాటి అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ చట్టం, 2008 సవరణతో, 15 మంది లేక అంతకుమించి ఉద్యోగులున్న చోట షుగర్ పరీక్షకూ, మందుకూ, తిండికీ విరామం అడిగే వీలు మనకు కల్పించింది. అడగటం తప్పు కాదు. అర్జునుడు తన వణుకును దాచుకోలేదు, సారథికి చెప్పుకున్నాడు. చెప్పుకున్నాడు కనుకనే మనకు గీత దక్కింది. మనమూ భార్యకో, భర్తకో, డాక్టరుకో, పక్క సీటు స్నేహితుడికో చెప్పుకుందాం.

పరమశివుడు మనందరికీ ఆరోగ్యాన్నీ, మితమెరిగిన బుద్ధినీ ప్రసాదించుగాక.

శుభమస్తు.