జాగ్రత్తకి గడువుంటుంది

ఊరినుంచి వచ్చినవాళ్ళు గుమ్మం ఎక్కబోతుంటే కాళ్ళకి నీళ్ళివ్వటం మన ఇళ్ళలో మర్యాద. పేరుకి మర్యాదేగాని, అందులో సగం శుభ్రత అని ఇచ్చేవాళ్ళకీ తెలుసు, పుచ్చుకునేవాళ్ళకీ తెలుసు. "నా కాళ్ళకి మట్టి ఉందంటారా?" అని ఏ చుట్టమూ అలిగి వెనక్కి పోయిన దాఖలాలు లేవు. మరి అదే చుట్టాన్ని, "ఓ నాలుగు వారాలు పక్క గదిలో ఉండండి, ఆ తరవాత లోపలికి వద్దురుగాని" అన్నామనుకోండి. అలక మాట అటుంచి, జన్మలో మళ్ళీ మన గడప తొక్కడు. అంటే కాళ్ళ నీళ్ళకీ పక్క గదికీ మధ్య ఎక్కడో ఒకచోట జాగ్రత్త కాస్తా అవమానంగా మారిపోతోందన్నమాట. ఆ గీత సరిగ్గా ఎక్కడుంది?

ఇలాంటివి వేదాంతులకి వదిలెయ్యటం మంచిదే. కాని నన్నీ ప్రశ్నలోకి దింపినవి వేదాంత గ్రంథాలు కావు, చేపలు.

మా చెల్లెలు వాళ్ళు ఉండేది శంషాబాద్‌లో. 2008 మార్చిలో విమానాశ్రయం వచ్చాక ఆ ఊళ్ళో రాత్రీ పగలూ ఆకాశంలో దీపాలే. వాళ్ళబ్బాయికి చేపల పిచ్చి. అందరిళ్ళలో కనిపించే బంగారు చేపలు కావు, సముద్రపు చేపలు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, హాల్లో టీవీ పక్కన ఓ సముద్రాన్ని పెట్టుకున్నాడు. శుద్ధి చేసిన నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన ఉప్పు కలపాలి. మోటార్లు పెట్టి అలలు పుట్టించాలి. ఇక ఆ చేపలు కూడా మనుషుల్లాగే విమానాల్లో దిగుతాయి. పాలిథిన్ సంచిలో కాసిని నీళ్ళు, పైన ఆక్సిజన్, చుట్టూ థర్మోకోల్ పెట్టె. టిక్కెట్టు లేకపోవటం ఒకటే తేడా.

క్రితం ఏడు ఓ నీలం రంగు టాంగ్ చేపని తెచ్చి సరాసరి పెద్ద తొట్టిలో వదిలేశాడు. నాలుగోనాటికి దాని ఒంటిమీద బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. మర్నాటికి పాతవాటి మీద కూడా ఒకటీ అరా కనిపించాయి. "ఆ కొత్తది తెచ్చింది రోగం" అని మా చెల్లెలు తీర్పు చెప్పేసింది. ఇంకో మూడు రోజులకి చుక్కలన్నీ మాయమయ్యాయి. అమ్మయ్య అనుకుని అది కొబ్బరికాయ మొక్కుకోబోతుంటే పిల్లాడు తలపట్టుకు కూచున్నాడు.

"చుక్కలు పోతే రోగం పోయినట్టు కాదు పెద్దమ్మా. అసలు భయం ఇప్పుడే" అన్నాడు.

వాడు చెప్పింది విన్నాక నాకూ భయమే వేసింది. ఆ రోగానికి కారణం క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. ఒకే ఒక్క కణం. చేప చర్మం కిందా, మొప్పల్లోనూ దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. మనకి కనిపించే చుక్క అదే. కడుపు నిండాక తనంతట తానే చేపని విడిచి, ఇసకకో రాయికో అతుక్కుని, చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో అది ఒకటి రెండై, రెండు నాలుగై, చివరికి వందల పిల్లలుగా బయటికొస్తుంది. ఆ పిల్లలకి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చావు తప్పదు. అంటే చుక్కలు మాయమైన రోజు రోగం పోయిన రోజు కాదు, రోగం పిల్లల్ని కనటానికి పుట్టింటికి వెళ్ళిన రోజు!

"మరి సముద్రంలో చేపలన్నీ ఈపాటికి చచ్చిపోయి ఉండాలి కదరా?" అన్నాను.

అక్కడే ఉంది కిటుకు. సముద్రంలోనూ ఈ జీవి ఉంది. కాని చేప అక్కడ ఒకచోట నిలవదు, పరాన్నజీవి గూడు కట్టుకున్నచోటు విడిచి ఎటో వెళ్ళిపోతుంది. బయటికొచ్చిన పిల్లల్లో నూటికి తొంభైపాళ్ళు చేప మొహం చూడకుండానే పోతాయి. ఒకటి రెండు చుక్కలతో చేపా బతుకుతుంది, అదీ బతుకుతుంది. నాలుగు గాజు గోడల మధ్య మాత్రం పారిపోవటానికి చోటులేదు. గూడు అక్కడే, చేప అక్కడే. సముద్రంలో కాస్త దురదతో పోయేది ఇక్కడ ప్రాణం తీస్తుంది. రోగం చేపది కాదు, గోడది. సముద్రం తన వెడల్పుతో ఊరికే చేసిపెట్టిన పనిని, గోడ కట్టినవాళ్ళు చేతులారా చెయ్యాల్సిందే.

ఆ పని అంత సులువు కూడా కాదు. తెలిసినవాళ్ళంతా తలొక చిట్కా చెప్పారు. వెల్లుల్లి రసం తిండిలో కలపమన్నారు ఒకరు. దానివల్ల ఆకలి పుడుతుందేమోగాని ఆ జీవి చావదు. రాగి మందు ఉంది. కాని అది చర్మం కింద ఉన్నదాన్నీ, గూట్లో ఉన్నదాన్నీ ఏమీ చెయ్యలేదు. నీళ్ళలో ఈదుతూ చేపని వెతుక్కునే ఆ పిల్లల్ని మాత్రమే చంపుతుంది. మోతాదు తగ్గితే అవి చావవు, పెరిగితే చేప బతకదు. రోజూ పరీక్ష చేసి చూసుకోవాలి. పైగా అదే రాగి తొట్టిలోని నత్తలకీ, రొయ్యలకీ, పగడపు జీవాలకీ విషం. అందుకని చేపలన్నిటినీ పట్టి వేరే తొట్టిలో పెట్టి, వైద్యం అక్కడ చెయ్యాలి. పెద్ద తొట్టిని చేప అన్నది లేకుండా ఖాళీగా ఉంచాలి. ఎన్నాళ్ళో తెలుసా? 76 రోజులు. గూట్లో 72 రోజులదాకా నిద్రపోయి లేచిన పరాన్నజీవిని శాస్త్రజ్ఞులు చూశారట. పైన నాలుగు రోజులు మన జాగ్రత్తకి.

ఆ రెండున్నర నెలలూ మా చెల్లెలి బాధ చెప్పనలవి కాదు. "చేపలు లేని తొట్టికి దీపాలేమిటి, మోటార్లేమిటి, కరెంటు బిల్లేమిటి!" అని. నాకు మాత్రం ఆ ఖాళీ తొట్టిని చూస్తే ముచ్చటేసేది. ఇంత మందుల కాలంలో కూడా శత్రువుని చంపకుండా, దాని ఆకలికి దాన్నే వదిలేసి, తలుపు వేసుకుని రోజులు లెక్కపెట్టటమే అసలు వైద్యమైంది.

ఇక నివారణ. వాడిప్పుడు ఏ చేప వచ్చినా నాలుగు నుంచి ఆరు వారాలు విడి తొట్టిలో ఉంచి, చుక్క కనిపించకపోతేనే లోపలికి తీసుకుంటున్నాడు. దానికి వేరే వల, వేరే బక్కెట్టు. నత్తకి రోగం రాకపోయినా దాని చిప్పకి గూడు అంటుకుని రావచ్చు గనక, నత్తనీ వదలడు. "నోరులేని జీవానికి జైలేమిట్రా!" అని మా చెల్లెలు నొచ్చుకుంటుంది. సరిగ్గా ఇక్కడే నా మొదటి ప్రశ్న తలెత్తింది. జైలా, జాగ్రత్తా?

వాళ్ళింటికి కూతవేటు దూరంలో విమానాశ్రయం ఉంది కదా, మనుషుల విషయంలో అక్కడేం జరుగుతుందో చూద్దాం. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలనుంచి వచ్చేవాళ్ళు టీకా పత్రం చూపించాలి. లేకపోతే 6 రోజుల వరకు విడిగా ఉంచవచ్చునని మన దేశపు నిబంధన. ఆ జ్వరాన్ని మోసే జాతి దోమ మన దగ్గర బోలెడంత ఉంది, జ్వరం మాత్రం లేదు. అందుకే ఆ కంగారు. అక్కడికి వెళ్ళి తిరిగొచ్చిన మన తెలుగువాడైనా సరే, పత్రం లేకపోతే అంతే సంగతులు. ఈ పద్ధతి పాతదే. ఇవాళ డుబ్రోవ్నిక్ అంటున్న రగూసా రేవు పట్నం, ప్లేగు ఉన్నచోట్లనుంచి వచ్చేవాళ్ళు 30 రోజులు బయట ఆగాలని 1377లోనే శాసనం చేసింది. తరవాత అది 40 రోజులైంది. ఇటలీ వాళ్ళ భాషలో నలభైని క్వరాంటా అంటారు. క్వారంటైన్ అన్న మాట దాన్నించే వచ్చింది. చూశారా, ఆ మాట పుట్టటమే ఓ అంకెలోంచి పుట్టింది! ఎన్నాళ్ళు అన్నది లేకపోతే ఆ మాటే లేదు.

మన పెద్దవాళ్ళకీ ఇది తెలుసు. ఆటలమ్మ పోసిన పిల్లని వేరే పక్కమీద పడుకోబెట్టి, గుమ్మానికి వేపమండలు కట్టేవారు. కాని తల్లి ఆ పక్కనే కూచుని వేపరొబ్బతో విసిరేది. తగ్గాక మంచిరోజు చూసి వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోసి పిల్లని మళ్ళీ అందరిలో కలిపేవారు. ఎడంగా ఉంచటానికి ఎంత పట్టింపు ఉందో, మళ్ళీ కలుపుకోవటానికీ అంత వేడుక ఉంది.

అదే మనం, గడువు లేని ఎడాన్ని కూడా అంతే నిష్ఠగా పాటించాం. ఊరికి దూరంగా వాడలు కట్టించి, తరతరాలు "అంటు" అన్నాం. ఆ అంటుకి ఏ పరీక్షా లేదు, ఏ చుక్కా లేదు, నలభయ్యో రోజు అన్నది అసలే లేదు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో రద్దు చేసేదాకా దాన్ని ఆచారం అనే అన్నాం. ఆ తరవాత కూడా మనసుల్లోంచి రద్దయిందా అంటే మీకే తెలుసు. భర్త పోయిన ఆడదాన్ని పసుపు కుంకుమల వేళ పక్క గదిలోకి పంపటం ఏ రోగానికి నివారణ? ఆ ఎడానికి గడువు ఎన్నాళ్ళు?

2020లో కరోనా వచ్చినప్పుడు రెండూ పక్కపక్కనే చూశాం. విమానం దిగినవాళ్ళని 14 రోజులు ఇంట్లోనే ఉండమన్నారు. అది జాగ్రత్త. ఆసుపత్రిలో రోగులకి సేవచేసి వచ్చిన డాక్టర్లనీ నర్సులనీ అద్దె ఇళ్ళు ఖాళీ చెయ్యమన్న వార్తలు పత్రికల్లో చదివాం. అది జాగ్రత్త కాదు. తగ్గిపోయి, పద్నాలుగు రోజులు దాటి, ఆపైన నెల గడిచినా మెట్లమీద ఎదురైతే మొహం తిప్పుకున్న పొరుగువాళ్ళు ఎందరో. గడువు దాటిన జాగ్రత్తకి ఇంకో పేరుంది. అది అసహ్యం.

మా చెల్లెలు చెప్పిన తీర్పు సంగతి కూడా తేల్చాలి. "కొత్తది తెచ్చింది రోగం" అంది కదా. తెచ్చి ఉండొచ్చు. తేకపోయీ ఉండొచ్చు! ఒకసారి ఈ రోగం వచ్చి బతికిన చేపకి కొంతకాలం కాస్త తట్టుకునే శక్తి వస్తుంది. ఒంటిమీద చుక్క కనిపించకుండానే మొప్పల్లో ఆ జీవిని మోస్తూ హాయిగా తిరుగుతుంది. ప్రయాణం బడలికతో, చోటు కొత్తై, పాతవాళ్ళు తరుముతుంటే బెదిరిపోయిన చేప దిగగానే, చుక్కలు ముందు దానిమీద పొడుస్తాయి. రోగం ఎప్పట్నించో ఇంట్లోనే ఉంది. బయటపడింది మాత్రం వచ్చినదాని ఒంటిమీద.

ఇది చదువుతున్న ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. కోడలు కాపురానికొచ్చిన ఏడే మామగారికి జబ్బు చేస్తే, వ్యాపారం దెబ్బతింటే, "అడుగు పెట్టిన వేళ" అంటారు. ఆ జబ్బు ఆయన ఒంట్లో పదేళ్ళుగా ఉన్నదే. ఆ అప్పులు పెళ్ళికి ముందే చేసినవే. కనిపించినచోట తప్పు ఉంటుందనుకోవటం మనుషులకి అంత సులువు. మలేరియా అన్న మాటకే చెడుగాలి అని అర్థం. ఎన్నో వందల ఏళ్ళు జనం పాపం గాలినే తిట్టారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూసి, మలేరియా పరాన్నజీవిని అక్కడ పట్టుకున్నాడు. ఆయన పనిచేసిన ఆ భవనం బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది. గాలి నిర్దోషి అని తేలింది. కోడళ్ళ విషయంలో అలా కోసి చూసేవాళ్ళు ఇంకా రావాలి.

కాబట్టి కొత్తదాన్ని విడి తొట్టిలో ఉంచటం ఇంటిని దాన్నించి కాపాడటానికే కాదు, దాన్ని ఇంటినుంచి కాపాడటానికి కూడా. అక్కడ దాన్ని తరిమేవాళ్ళుండరు. దాక్కోవటానికి గొట్టం ముక్కలుంటాయి. వేళకి తిండి అందుతుంది. బడలిక తీరి, ఒళ్ళు చేసి, అప్పుడు నలుగురిలోకి వెళుతుంది. అలా చూసుకోకుండా ఊరికే మూల పడేస్తే మాత్రం అది జైలే, మా చెల్లెలి మాటే నిజం.

నాకు తోచిన గీత ఇదండీ. ఎవరినైనా ఎడంగా ఉంచాల్సి వస్తే, వచ్చినవాళ్ళందరికీ అదే పద్ధతి ఉండాలి, నత్తతో సహా. ఎన్నాళ్ళో ముందే చెప్పాలి. ఆ నాళ్ళలో వాళ్ళ మంచిచెడ్డలు మనమే చూడాలి, కష్టం మనమే పడాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లోపించినా, దానికి శుభ్రత అని పేరు పెట్టినా, ఆచారం అని పేరు పెట్టినా, అవమానం అవమానమే.

ఇక గడువు తీరిన రోజున తలుపు తియ్యమని వాళ్ళు అడగకూడదు. మనమే వెళ్ళి తియ్యాలి.